ఎవరి గుండెతో కొలిచారు?

మా పెద్దమ్మది పాకాల. "ఎడమపక్కకు తిరిగి పండుకుంటే నా గుండె నా చెవిలోనే కొట్టుకుంటా ఉండాది మే" అని మొదట నాతోనే చెప్పింది. పదిహేనేళ్ల కిందటి మాట అది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎకో తీసి, బృహద్ధమని కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు, లీకు ఎక్కువగానే ఉందన్నారు. "ఆయాసం వస్తుందా?" అని డాక్టరు అడిగితే, పెద్దమ్మ నోరు తెరిచే లోపే మా అన్న "ఏం లేదు సార్, ఇంటిపనంతా చేసుకుంటుంది" అన్నాడు. బిందె దించి గడపలో కూలబడి రొప్పడం మా ఇళ్లలో ఆయాసం కిందికి రాదు. రిపోర్టులో ఎడమ జఠరిక కొలత 42 మిల్లీమీటర్లు. "50 దాటితే చూద్దాం" అని పంపించేశారు.

ఆ 50 ఎక్కడిదో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతూ వచ్చాను.

గుండెను వినే పరికరం చరిత్ర ఒక స్త్రీ శరీరం దగ్గరే మొదలైంది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడి దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. పరాయి ఆడపిల్ల ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదని ఆయన కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. ఆ యువతి పేరు మాత్రం చరిత్రలో లేదు.

మన పక్కనే, పాకాల నుంచి కాట్పాడి బండెక్కితే చేరుకునే వేలూరులో, ఇదే మర్యాద మరో దారి తీసింది. మగ డాక్టరు ముట్టుకోకూడదని ఇంటివాళ్లు పట్టుబట్టడంతో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పులో చనిపోవడం ఐడా స్కడర్ చూసింది. తానే డాక్టరై తిరిగొచ్చి, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. అక్కడ గొట్టం అడ్డుపెట్టారు, ఇక్కడ ఆడవాళ్లనే వైద్యులను చేశారు.

ఎకో కథ 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలవుతుంది. లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రంతో ఎడ్లర్, హెర్ట్జ్ గుండె కదలికలను నమోదు చేశారు. 1980లలో రంగుల డాప్లర్ వచ్చాక, బృహద్ధమని నుంచి ఎడమ జఠరికలోకి వెనక్కి దూకే నెత్తురు కంటికి కనిపించసాగింది. ఆ ధార అతి సన్నగా ఉన్నచోట 6 మిల్లీమీటర్లు దాటినా, ఒక్కో కొట్టుకు 60 మిల్లీలీటర్లు వెనక్కి వచ్చినా లీకు తీవ్రమైనదే. ఈ అదనపు భారం మోస్తూ జఠరిక సాగిపోతుంది. అందుకే గుండె పూర్తిగా ముడుచుకున్న క్షణంలో దాని అడ్డకొలత చూస్తారు. 50 అన్నది ఆ కొలత.

ఇలాంటి హద్దులు ఎక్కువగా మగ రోగులున్న అధ్యయనాల నుంచి వచ్చాయి. 1996లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి ఎలిజబెత్ క్లోడాస్, ఆమె సహచరులు ఈ జబ్బుకు శస్త్రచికిత్స అయిన స్త్రీలనూ పురుషులనూ పోల్చి చూశారు. స్త్రీలలో ఆ పెద్ద కొలతలకు చేరినవాళ్లు అరుదు. లక్షణాలు ముదిరాకే వాళ్లు బల్ల ఎక్కారు, ఆ తర్వాత బతికిన కాలమూ తక్కువే. 2014 నాటి అమెరికా మార్గదర్శకాల్లో 50తో పాటు మరో లెక్క కూడా ఉంది: శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 25 మిల్లీమీటర్లు. రెండు చదరపు మీటర్ల మనిషికి అది సరిగ్గా 50. మా పెద్దమ్మలాంటి 1.4 చదరపు మీటర్ల మనిషికి 35. అంటే 42 దగ్గరే ఆమె హద్దు దాటేసింది. అసలు ఆయాసం ఉందని తెలిసుంటే, ఏ అంకె కోసమూ ఆగక్కర్లేదు.

రెండేళ్ల తర్వాత కవాటం మార్చారు. ప్రాణం నిలిచింది గానీ గుండెకు మునుపటి బలం రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఏ ఆడమనిషికి ఎకో తీసినా ఎత్తూ బరువూ లెక్కలోకి తీసుకున్నారా అని అడుగుతాను. డాక్టరు ప్రశ్నకు పక్కవాళ్లు జవాబివ్వబోతే ఆపుతాను. ఈ లెక్కంతా విడమరచి చెబితే పెద్దమ్మ కాసేపు ఊరుకుని అంది: "అంకెలు నాకేం తెలుసు మే. ఆ పొద్దు నన్నడిగుంటే చెప్పుండేదాన్ని గదా."