ఫార్మాట్ కొట్టే ముందు

2024 జూన్ 30, ఆదివారం. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన ఉండే నల్లటి డబ్బాకి ఆ రోజుతో గడువు తీరింది. డబ్బాకేం కాలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. దాన్ని నడిపించే సెంటోస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మర్నాటి నుంచి భద్రతా అప్‌డేట్లు రావు, అంతే. కానీ అప్‌డేట్లు రాని సర్వర్‌ని ఇంటర్నెట్‌కి కలిపి ఉంచడమంటే, మారుతాళంచెవి ఎవరి చేతిలో ఉందో తెలియని ఇంట్లో నిద్రపోవడమే.

2012లో పార్క్‌లేన్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న కంప్యూటర్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొని సర్వర్‌గా పెట్టుకున్నాం. థాయ్‌లాండ్‌లో 2011లో వచ్చిన వరదలకు ఫ్యాక్టరీలు మునిగి హార్డ్‌డిస్కుల ధరలు మండిపోతున్న రోజులవి. డబ్బా కన్నా అందులో వేసిన రెండు డిస్కులకే ఎక్కువ పెట్టాం. ఇంట్లో అందరి ఫోటోలు, టీవీలో వినే పాటలు, ఇంటి కాగితాల స్కాన్లు, నాన్న ఇరవై ఏళ్లు చేసిన డీటీపీ పని అంతా అందులోనే.

ఓఎస్ మార్చడానికి ఇక్కడ ఎవరినడిగినా ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటారు. ఆ మాట వినగానే వచ్చే భయం ఒకటే. కొట్టాక ఏం మిగులుతుంది? గడిచిన యాభై అరవై ఏళ్లలో ఆ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది. మన రాతను యంత్రం నుంచి, యంత్రాన్ని నడిపే వ్యవస్థ నుంచి కొంచెం కొంచెంగా విడదీసుకుంటూ రావడమే ఇంటి సర్వర్ చరిత్ర అని నా నమ్మకం. తెలుగులో రాసుకునే ఇళ్లకు ఆ విడుదల ఆలస్యంగా వచ్చింది. ఇంకా పూర్తిగా రాలేదు కూడా.

మొదట్లో విడదీసే వీలే లేదు. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అంటూ వరుసగా కంప్యూటర్లు తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 బిట్ల యంత్రం భాషలో రాసిన ప్రోగ్రామ్ 16 బిట్ల యంత్రానికి అర్థం కాదు. ప్రపంచమంతటా అప్పుడు అదే పరిస్థితి. యంత్రం మారితే పని మళ్లీ మొదటికొచ్చేది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యునిక్స్‌ను 1973లో సీ భాషలోకి తిరగరాశారు. దాంతో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక యంత్రానికి కట్టుబడి ఉండనక్కర్లేదని తేలింది. మా డబ్బాలో నడిచే లినక్స్‌కి వరసలో తాత అదే.

మా ఇంటికి దగ్గర్లోనే ఇంకో పెద్ద వలస జరిగింది. రైల్వే రిజర్వేషన్లు 1985లో ఢిల్లీలో కంప్యూటర్ ఎక్కాయి. ఆ ప్రోగ్రామ్ పేరు ఇంప్రెస్. ఫోర్ట్రాన్‌లో రాసింది సీఎంసీ సంస్థ. ఏ నగరం లెక్క ఆ నగరానిదే. తర్వాత రైల్వే వాళ్ల క్రిస్ సంస్థ దాన్ని పక్కనపెట్టి సీ భాషలో కాన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రామ్ రాసింది. 1990ల మధ్యలో దాన్ని మొట్టమొదట నడిపింది సికింద్రాబాద్ కేంద్రంలోనే. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకే వలలోకి వచ్చాయి. ఇలాంటి మార్పిడిలో ప్రోగ్రామ్ ఎంత కొత్తదైనా, నిన్న టికెట్ కొన్న మనిషి బెర్తు రేపు అదే పెట్టెలో అదే నంబర్‌లో ఉండి తీరాలి. ఇంటి సర్వర్‌కీ అదే నియమం. తేడా ఒకటే, ఇక్కడ పోయేది బెర్తు కాదు, పెళ్లి ఫోటో.

ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన కాలాన్ని త్వరగా దాటేస్తాను. డాస్, విండోస్ 95, 98, ఎక్స్‌పీ. ఆరునెలలకోసారి సీపీయూని ఆటోలో పెట్టుకుని పార్క్‌లేన్‌కి తీసుకెళ్లడం, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టించి తెచ్చుకోవడం ఇక్కడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. డీ డ్రైవ్‌లో దాచినవి బతికేవి, డెస్క్‌టాప్ మీద పెట్టినవి పోయేవి. ఆ దెబ్బలతోనే మా తరం డేటా వేరు, సిస్టమ్ వేరు అని నేర్చుకుంది.

1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి ప్రకటించాడు. దాదాపు అదే సమయంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, డాస్ కంప్యూటర్ నుంచి యునిక్స్ సర్వర్‌లోని ఫైళ్లు అందుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. అదే తర్వాత సాంబా అయింది. ఇంటి సర్వర్‌కి లినక్స్ ఎంత ముఖ్యమో సాంబా అంతకన్నా ముఖ్యమని నేనంటాను. ఇంట్లో మిగతా కంప్యూటర్లన్నీ విండోస్‌లో ఉన్నా, సర్వర్‌లో ఏ ఓఎస్ ఉందో వాటికి తెలియాల్సిన అవసరం లేకుండా చేసింది అదే. ఫోల్డర్ అదే పేరుతో, అదే చోట కనబడితే చాలు, వెనకాల ఎన్ని మార్చినా ఇంట్లో వాళ్లకు పట్టదు.

1996లో పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లినక్స్ సీడీ వచ్చింది. ఫోన్ లైన్‌లో ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో ఆ సీడీలే దిక్కు. తర్వాత చాలామంది రెడ్ హ్యాట్ లినక్స్ పట్టారు. 2003లో వచ్చిన రెడ్ హ్యాట్ 9తో ఆ ఉచిత వరస ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న వాళ్లు ఫెడోరాకో, 2004లో మొదలైన సెంటోస్‌కో మళ్లారు. పదేళ్లదాకా కదలక్కర్లేదన్న భరోసా సెంటోస్ ఇచ్చేది. ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేసే డబ్బాకి కావలసింది అదే.

ఇంటి కోసమే ప్రత్యేకంగా ఒక సర్వర్ ఓఎస్ తేవాలని మైక్రోసాఫ్ట్ 2007లో విండోస్ హోమ్ సర్వర్ తెచ్చింది. వేర్వేరు సైజుల డిస్కులన్నిటినీ ఒకే గాదెలా చూపించే డ్రైవ్ ఎక్స్‌టెండర్ దాని గొప్ప. అందులోనే ఫైళ్లు చెడగొట్టే లోపం బయటపడింది, 2008లో సరిచేశారు. తర్వాతి సంచికలో ఆ పద్ధతినే తీసేశారు. 2016 ఏప్రిల్‌తో రెండో సంచికకూ మద్దతు ఆగింది. డేటాను భద్రపరిచే పద్ధతి ఒక్క ఓఎస్‌కే సొంతమైతే, ఆ ఓఎస్ పోయిననాడు మన సొత్తు బయటికి తెచ్చుకోవడం మన నెత్తిన పడుతుంది. ఇంటి సర్వర్ పెట్టుకునే ప్రతివాళ్లకూ నేను ముందు చెప్పే కథ ఇది.

దీనికి ఎదురుగా సన్ కంపెనీలో జెఫ్ బాన్‌విక్, మాట్ ఆరెన్స్ రూపొందించిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కథ నిలుస్తుంది. సొలారిస్‌లో పుట్టి, ఫ్రీబీఎస్‌డీకి వచ్చి, లినక్స్‌కీ వచ్చింది. డిస్కులను ఒకచోట ‘ఎగుమతి’ చేసి ఇంకోచోట ‘దిగుమతి’ చేసుకునే ఆదేశాలు అందులోనే ఉన్నాయి. 2005లో ఒలివియె కొషార్-లాబె మొదలుపెట్టి, తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్‌ను వాడుకున్న ఫ్రీనాస్ అనే సర్వర్ ఓఎస్ చాలాకాలం ఫ్రీబీఎస్‌డీ మీద నడిచింది. ట్రూనాస్‌గా పేరు మార్చుకుని, 2022లో డెబియన్ లినక్స్ మీద కూడా వచ్చింది. పునాది మారినా పాత డిస్కులు కొత్త దానిలో తెరుచుకున్నాయి. వలస దారిని ముందే ఆలోచించి కట్టిన వాళ్లంటే నాకు గౌరవం.

ఇక తెలుగు సంగతి. నాన్న పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, చిన్న పత్రికలు, పద్యాల పుస్తకాలు కూర్చేవారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కూర్చుంటాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి రోమన్ గీతలు కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరకుండా కొత్త సర్వర్‌కి వచ్చేస్తుంది, ఒక్క బైటు పోదు. తెలుగు మాత్రం రాదు. మనదేశపు ఇస్కీ ప్రమాణం, తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ తొలి సంచిక రెండూ 1991 నాటివే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. పోతన ఫాంట్ వచ్చింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. ప్రమాణం ఉండీ డీటీపీ బల్ల దగ్గరికి చేరడానికి అన్నేళ్లు పట్టింది. నాన్న ఫైళ్ల కోసం ఈనాటికీ మా సర్వర్ లోపల ఒక ఎక్స్‌పీని, ఇంటర్నెట్ తగలకుండా, వర్చువల్ మెషీన్‌గా బతికించి ఉంచాం. కాపీ చేసిందంతా బతికినట్టు కాదని ఆ ఫైళ్లే నాకు నేర్పాయి.

2020 డిసెంబర్ 8న సెంటోస్ వాళ్లు పిడుగులాంటి ప్రకటన చేశారు. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8ని 2021 చివరికే ముగిస్తున్నామన్నారు. సెంటోస్‌ను నడిపే రెడ్ హ్యాట్‌ని 2019లోనే ఐబీఎం కొనేసింది. సెంటోస్ స్థానంలో మూడు నాలుగు నెలల్లో ఆల్మాలినక్స్, ఆరునెలల్లో రాకీ లినక్స్ వచ్చాయి. మేం 7 మీదే ఉండడంతో 2024 దాకా ఊపిరి దక్కింది. ఈసారి 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌ని ఎంచుకున్నాం. స్వచ్ఛంద సేవకులు నడిపే దాని గడువును ఏ కంపెనీ అమ్మకమూ కుదించలేదన్నదే అందుకు కారణం.

ఫార్మాట్ కొట్టే ముందు డేటా డిస్కులు రెండింటి కేబుళ్లూ పీకేశాం. ఏ తొందరలో ఏ డిస్క్ ఎంచుకుంటామో అన్న భయం అప్పుడిక ఉండదు. డెబియన్ 12ని వేరే చిన్న డిస్క్‌లో వేసి, కేబుళ్లు తగిలించగానే జంట డిస్కుల అమరికను కొత్త లినక్స్ తనంతట తనే గుర్తుపట్టింది. 2016లో సెంటోస్ 6 నుంచి 7కి వచ్చినప్పుడు ఇంత సులువు కాలేదు. ఫైలు యజమాని పేరుగా కాక అంకెగా డిస్క్‌లో ఉంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో మనుషుల అంకెలు 6 దాకా 500 నుంచి, 7లో 1000 నుంచి మొదలవుతాయి. అప్పుడు నాన్న ఫైళ్లన్నీ ఎవరివో తెలియని 500వ మనిషి పేరున కనిపించాయి. ఈసారి డెబియన్‌లోనూ 1000 నుంచే కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

పాత స్కానర్ మాత్రం సర్వర్‌ని గుర్తుపట్టలేదు. ఫైళ్లు పంచుకోవడానికి సాంబా వాడే ఎస్‌ఎంబీ పద్ధతిలో అది మాట్లాడేది మొదటి సంచిక. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే దేశాల మీద పడి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా పట్టుకుంది. 2019 నుంచి సాంబా ఆ సంచికను తనంతట తాను తెరవడం మానేసింది. మేమూ తెరవలేదు. స్కానర్‌ని పెన్‌డ్రైవ్‌తో వాడుకుంటున్నాం.

అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. మా చెల్లి అమెరికా నుంచి పంపిన మ్యాక్ డిస్క్ కాపీ చేశాక సర్వర్‌లో ‘సైనిక్‌పురి’ ఫోల్డర్లు రెండు కనిపించాయి. అక్షరం అక్షరం పోల్చినా తేడా లేదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాస్తుంది, లినక్స్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే దాస్తుంది. మనిషి కంటికి ఒకటే ఐన ‘సై’ యంత్రానికి రెండు.

తర్వాత అమ్మ ఫోటోలు. లాప్‌టాప్‌కి తగిలించే, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి డిస్క్‌లో అమ్మ ఫోటోలకు వాక్యాలే పేర్లుగా పెడుతుంది. మా వాడలోని నాగన్నకుంట మెట్లబావిలో ఏళ్లుగా పేరుకున్న పూడిక తీసి, 2022 డిసెంబర్ 5న మళ్లీ ప్రారంభించారు. ఆ తర్వాత తీసిన ఫోటో పేరు ఇది: ‘బన్సీలాల్‌పేట్ నాగన్నకుంట మెట్లబావి పూడిక తీశాక అమ్మమ్మతో కలిసి మొదటిసారి మెట్లు దిగి నీళ్ల దాకా వెళ్లిన రోజు తీసిన ఫోటో’. సర్వర్ ఒప్పుకోలేదు, పేరు మరీ పొడుగంది.

విండోస్ పేరులోని సంకేతాలను లెక్కపెడుతుంది, 255 దాకా ఒప్పుకుంటుంది. అమ్మ పెట్టిన పేరు చివరి డాట్ జేపీజీతో కలిపి 124. లినక్స్ కూడా 255 దాకానే ఒప్పుకుంటుంది కానీ లెక్కపెట్టేది బైట్లను. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు. బన్సీలాల్‌పేట్ అన్న ఒక్క మాటకే 42 బైట్లు పోతాయి. అమ్మ వాక్యం 334 బైట్లు. ఇంగ్లిషులో పేరు పెట్టే వాళ్లకు దక్కే చోటులో మూడోవంతే, 85 సంకేతాలే, తెలుగుకు దక్కుతుంది. యూటీఎఫ్-8 ఎంత గొప్ప కూర్పో తెలుసు, అది లేకపోతే ఈ ఫైళ్లకు తెలుగు పేర్లే ఉండేవి కావు. అయినా ఆ గీత దగ్గర అమ్మ వాక్యం తెగడం నాకు బాధగానే అనిపించింది.

నేను ప్రోగ్రామ్ రాసి పేర్లన్నీ కత్తిరిస్తానంటే అమ్మ వద్దంది. 85 దాటిన పేర్ల జాబితా తీసి ఇమ్మంది. మూడు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ తనే మార్చింది. ఆ ఫోటో ఇప్పుడు ‘మెట్లబావి, అమ్మమ్మ, నీళ్ల దాకా’. పాత పేర్లన్నీ వరసగా రాసిన టెక్స్ట్ ఫైల్ ఒకటి అదే ఫోల్డర్‌లో పెట్టించింది.