దారం, దారి, చేయి: నరసాపురం లేసు ధర కథ

నరసాపురం లేసు ధరలో మూడు ఖర్చులున్నాయి: దారం, దారి (రవాణా), చేయి (అల్లిక పని). మొదటి రెండింటికీ ఏ కాలంలోనైనా పక్కా లెక్క ఉంది. మూడోదాన్నే మొన్నమొన్నటిదాకా లెక్కలోకి తీసుకున్నవారు తక్కువ. ఇప్పుడు ఫోనులో ఫొటో పెట్టి ఊరి నుంచే లేసు అమ్ముతున్నవాళ్ల ముందున్న చిక్కు కూడా అదే.

దూరదేశాలకు సరుకు పంపడం నరసాపురానికి లేసుతో మొదలు కాలేదు. 17వ శతాబ్దంలోనే ఇక్కడ గోదావరి కలపతో ఓడలు కట్టేవారు. పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువారికి వర్తక స్థావరం ఉండేది. అక్కడి నూలుబట్టకు ఐరోపాలో ‘మదపొల్లం’ అన్న పేరు స్థిరపడింది. గాలివాటం చూసుకుని కదిలే ఆ ఓడల్లో ఎంత సరుకు పడితే అంతకే లాభం. చోటు తక్కువ పట్టి విలువ ఎక్కువ పలికే సరుకే దూరప్రయాణానికి గిట్టుబాటయ్యేది.

లేసు సరిగ్గా అలాంటి సరుకు. 1836లో బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు గోదావరి డెల్టాకు మిషనరీలుగా వచ్చారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు ఇక్కడి పేద దళిత క్రైస్తవ స్త్రీలకు క్రోషే అల్లిక నేర్పారు. అల్లినవాటిని తమ దేశాల్లోని స్నేహితులకు పంపితే, వచ్చిన డబ్బు మిషను పనులకు ఉపయోగపడేది. అది సాయం కింద చెల్లిన సొమ్మే తప్ప గంటల లెక్కన కట్టిన మజూరీ కాదు. లేసు ధర పునాదిలోనే ఆ లోటు ఉండిపోయింది.

20వ శతాబ్దంలో లేసు పూర్తిస్థాయి వ్యాపారమైంది. ఎగుమతిదారు దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు, స్త్రీలు అల్లుతారు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేది మరొకరు. కూలి మాత్రం వాడిన దారాన్ని బట్టి. కాపు కుటుంబాల స్త్రీలూ ఈ పనిలోకి వచ్చారు. గడప దాటకుండా చేసుకునే పని కాబట్టి పరువుకు భంగం లేదనుకున్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా రాని స్త్రీల బతుకు అందులో ఉంది. వాళ్లను కార్మికులుగా కాక తీరిక వేళ చేతులు ఆడించే గృహిణులుగా చూడటం వల్లే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె తేల్చారు.

మధ్యవర్తి లేకుండా దూరాన ఉన్న కొనుగోలుదారుకు అమ్మే సదుపాయం మన దేశంలో పాతదే. 1877లోనే తపాలా శాఖ వీపీపీ (వాల్యూ పేయబుల్ పోస్ట్) ప్రవేశపెట్టింది. పోస్ట్‌మ్యాన్ సరుకిచ్చి డబ్బు వసూలు చేస్తాడు. తెలుగువాళ్లు మద్రాసు నుంచి పుస్తకాలు ఇలా కూడా తెప్పించుకునేవారు. తీసుకోనని అవతలివాళ్లు అంటే పంపిన ఖర్చు అమ్మినవారి నెత్తినే పడేది. నేటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత ఇదే, ఆ తలనొప్పి కూడా వారసత్వంగా వచ్చింది.

మళ్లీ లేసు సంగతికొస్తే, చైనా యంత్రాల లేసు చౌకగా దిగి చేతి లేసును దెబ్బతీసింది. అల్లేవారి సహకార సంఘాల సమాఖ్య, లేసు వాణిజ్య కేంద్రం ఏర్పడ్డాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు సరుకు ఇక్కడిదని చెబుతుంది. ధర ఎంత అన్నది అమ్మేవారే తేల్చుకోవాలి.

ఎలా తేల్చాలి? ఒక కుషన్ కవరు ఉందనుకుందాం. దారం 80 రూపాయలు. పది గంటల అల్లిక, గంటకు 40 చొప్పున 400. ప్యాకింగు 20, పోస్టు 60. మొత్తం 560. వెబ్‌సైటు 15 శాతం కమీషను పట్టుకుంటుందనుకుందాం. 560కి 15 శాతం కలిపి 644 పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ కమీషను పడేది అమ్మిన ధర మీద. 644లో 96.60 పోతే చేతికొచ్చేది 547.40, అంటే 12.60 నష్టం. 560ని 0.85తో భాగిస్తే వచ్చే 659 అసలు ధర. ఇందులో ఇంకా లాభం లేదు, వెనక్కి వచ్చే సరుకు ఖర్చూ లేదు.

దారి ఖర్చులో మరో మెలిక ఉంది. కొరియరువాళ్లు బరువుతో పాటు పెట్టె పరిమాణమూ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. కిలో లేసును 40×30×20 పెట్టెలో వదులుగా పెడితే 4.8 కిలోల చార్జీ పడుతుంది. అదే లేసును చదునుగా మడిచి ఎత్తును 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే 1.2 కిలోలే. దూది నింపిన కుషను కన్నా ఖాళీ కవరు అమ్మడం లాభమనేది ఇందుకే.

విదేశీ పార్సెలుకు సుంకం కూడా కలుస్తుంది. 800 డాలర్లలోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. అంతకు నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అక్కడికి పార్సెళ్లు చాలావరకు ఆపేసింది. అక్టోబరు 15న మళ్లీ తీసుకున్నప్పుడు 50 శాతం సుంకాన్ని బుకింగు దగ్గరే కట్టించుకుంది. పాత ధరకే ఒప్పుకున్నవారికి లాభం మాట అటుంచి అసలే మునిగింది.

సుంకం వాషింగ్టన్ చేతుల్లో ఉంది, చార్జీ కొరియరు చేతుల్లో ఉంది. గంటకు ఎంత అన్నదొక్కటే అల్లేవారి చేతిలో ఉంది. పోటీ పెరిగినప్పుడల్లా కోత పెడుతున్నది మాత్రం అందులోనే. లేసు అమ్మే అమ్మలూ, అక్కలూ, ధర చీటీలో మొదటి వరుస చేతిపని గంటలకే కేటాయించండి. ఆ వరుస కొట్టేస్తే తప్ప గిట్టదని తేలిన ఆర్డరును వదులుకోండి.