బోధన భాష – విషయావగాహన: సిటీ కళాశాల నేపథ్యంలో ఒక పరిశీలన

హైదరాబాదు పాతనగరంలో మూసీ దక్షిణ తీరాన నెలకొన్న సిటీ కళాశాల చరిత్ర, విద్యార్థి అవగాహనకూ బోధన భాషకూ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఉపకరిస్తుంది. 1921లో సిటీ హైస్కూలు ఈ భవనంలోకి మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంటర్మీడియట్ తరగతులు ఆరంభమయ్యాయి. 1929లో అది కళాశాల స్థాయిని పొందింది. అప్పట్లో ఉస్మానియా బోధన భాష ఉర్దూ.

ఈ ఎంపిక వెనుక స్పష్టమైన బోధనాదృష్టి ఉంది. అప్పటికి నగరంలోని నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆంగ్లంలో బోధించేది. పరభాషలో చదివే విద్యార్థి జ్ఞాపకశక్తిపై మోయలేని భారం పడుతుందనీ, స్వతంత్రాలోచన కుంటుపడుతుందనీ, విద్యావంతులు సామాన్యజనానికి దూరమవుతారనీ 1917లో అక్బర్ హైదరీ తన విజ్ఞాపనలో వాదించారు. అదే సంవత్సరం అనువాద విభాగం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. శాస్త్ర గ్రంథాల అనువాదంతోపాటు పారిభాషిక పదకల్పన కూడా సాగింది. పదనిర్మాణ సూత్రాలను వివరిస్తూ వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే వెలువరించారు. ఆంగ్లం బోధన భాషగా తొలగినా, తప్పనిసరి పాఠ్యాంశంగా నిలిచింది. వైద్యం, ఇంజనీరింగు వంటి శాస్త్రాలను సైతం దేశభాషలో బోధించవచ్చునని ఉస్మానియా నిరూపించింది.

అయితే హైదరీ వాదాన్ని తెలుగు విద్యార్థికి అన్వయిస్తే దాని పరిమితి బయటపడుతుంది. రాజ్య జనాభాలో తెలుగువారు దాదాపు సగం; ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదో వంతు. తెలుగు పల్లె నుంచి వచ్చిన బాలుడికి ఉర్దూ కూడా ముందుగా నేర్వవలసిన భాషే. విన్న పాఠాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలిగినప్పుడే విషయం విద్యార్థి సొంతమవుతుంది. ఆ ‘తన మాటలు’ తరగతి గదిలోకి ప్రవేశించలేకపోతే, తెలిసిన విషయం కూడా తెలియనట్టే మిగిలిపోతుంది. ఆంగ్లం విషయంలో హైదరీ చూపిన దోషమే ఇక్కడ మరో రూపంలో కొనసాగింది.

ఈ వెలితి తరగతి గదికే పరిమితం కాలేదు. 1921 నవంబరులో, మూసీకి ఆవలి ఒడ్డున వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ చైతన్యంలో భాగంగానే మాడపాటి హనుమంతరావు కృషితో 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నగరంలో వెలసింది.

కనుక ఉస్మానియా ప్రయోగాన్ని కేవలం రాజభాషాభిమానంగా కొట్టివేయడమూ, మాతృభాషా బోధనకు సంపూర్ణ ఆదర్శంగా కీర్తించడమూ సమంజసం కాదు. దాని సూత్రం సరైనది, అన్వయం అసంపూర్ణం. ఏ భాషలో బోధించాలన్న ప్రశ్నకు ముందు, ఎదుట కూర్చున్న విద్యార్థి ఏ భాషలో ఆలోచిస్తున్నాడన్న ప్రశ్న రావాలని ఈ చరిత్ర తెలియజేస్తుంది.