చిత్ర సౌందర్య మాపనం

ఫోటో గానీ బొమ్మ గానీ చూసేవారికి ఎంత అందంగా తోస్తుందో మార్కుల్లో రాబట్టి, అదే తీర్పును కంప్యూటర్‌ చేత చెప్పించే శాస్త్రం చిత్ర సౌందర్య మాపనం. దీనికి దగ్గరి చుట్టం నాణ్యతా మాపనం. మసక, రంగు చెదరడం, వీడియో ఆగి ఆగి రావడం వంటి లోపాలను అది లెక్కగడుతుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో సుమోహన చన్నప్పయ్య బృందం పరిశోధిస్తున్నది ఈ నాణ్యతా మాపనంలోనే. లోపం దగ్గర పదిమంది మాట చాలావరకు కలుస్తుంది, అందం దగ్గర కలవదు. అసలు చిక్కంతా అక్కడే.

అందంపై మనుషుల తీర్పును కొలవాలని మొదట పూనుకున్నవాడు జర్మన్ శాస్త్రవేత్త ఫెక్నర్. 1871లో డ్రెస్డెన్‌లో చిత్రకారుడు హోల్బైన్‌వని చెప్పే రెండు మేరీమాత చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు, చూసినవారిని అభిప్రాయం రాయమన్నాడు. 11,000 మందికి పైగా వచ్చారు, రాసినవారు 113 మందే.

1933లో అమెరికన్ గణితవేత్త బిర్కాఫ్ మనుషులను అడిగే పని లేకుండా సూత్రమే కట్టాడు: క్రమాన్ని సంక్లిష్టతతో భాగిస్తే అందం. ఆయన పరిశీలించిన 90 బహుభుజుల్లో చతురస్రానికి మొదటి స్థానం దక్కింది. హైదరాబాద్ యాప్రాల్‌లో వాకిట సంక్రాంతికి వేసే ముగ్గుకు ఇదే లెక్క కట్టి చూడవచ్చు. 13 చుక్కలు, 7 వరకు మధ్యచుక్క. ఆరు వైపులా ఒకే తీరు కనుక క్రమానికి మంచి మార్కులే పడతాయి. కానీ మెలిక పెరిగినకొద్దీ భాజకం పెరిగి ఫలితం తగ్గుతుంది. ముగ్గు తెలిసినవారు మెచ్చేది ఆ మెలికనే, చుక్కను తాకకుండా గీత తిరిగిన ఒడుపునే. సూత్రం ఓడిపోయేది ఇక్కడ.

కంప్యూటర్లు సూత్రం వదిలి ఓట్ల దారి పట్టాయి. 2006లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రితేంద్ర దత్తా బృందం వెలుగు, రంగు, కూర్పు వంటి 56 లక్షణాలతో ఫోటోలకు వచ్చే రేటింగ్‌ను అంచనా వేసింది. 2012లో వచ్చిన ‘ఏవీఏ’ సంకలనంలో రెండున్నర లక్షలకు పైగా ఫోటోలున్నాయి. ఒక్కో దానికి సగటున 200 పైచిలుకు ఓట్లు, మార్కులు 1 నుంచి 10. 2017లో గూగుల్ పరిశోధకులు తాలెబీ, మిలాన్‌ఫర్ రూపొందించిన ‘నిమా’ సగటుతో ఊరుకోలేదు, ఓట్లు ఏ మార్కుకు ఎన్ని పడతాయో అంచనా కట్టింది. ఇదే సరైన పద్ధతి. అందరూ 5 వేసిన ఫోటో, సగం మంది 1, సగం మంది 9 వేసిన ఫోటో ఒకటి కావు.

అయితే ఏవీఏ ఓట్లు ఒక ఇంటర్నెట్ ఫోటోపోటీలో పాల్గొన్నవారివి. వాటితో నేర్చిన యంత్రం చెప్పేది ఆ సమూహం అభిరుచినే. తెలుగు వాకిలి ముగ్గుకు దాని మార్కు చెల్లాలంటే, ముందు ముగ్గు వేసే చేతుల చేత ఓట్లు వేయించాలి.