జేబులో ఇళ్ళు

అమెరికాలో ఇల్లు కొన్న స్నేహితుడు అన్నాడు: "మంచివి ఆన్‌లైన్‌కి రావు బాస్, ఏజెంట్ల మధ్యే అయిపోతాయి." పాకెట్ లిస్టింగులంటారట. డేటాబేస్ మనిషిని కదా, నాకిది ఉత్త ఫిల్టర్ గొడవ అనిపించింది. చరిత్ర చదివితే కాదని తేలింది. ఎవరొస్తే ఆస్తుల విలువ పడుతుందో ఆ జాతివాళ్ళని పేటలోకి తేవద్దని అక్కడి ఏజెంట్ల జాతీయ సంఘం 1924లో రాసుకుంది. దాని పేరు నీతి నియమావళి!

జాతి చూసి, ఉన్న ఇల్లు లేదనడాన్ని 1968 చట్టం నిషేధించింది. అసలు చూపించకపోతే 'లేదు' అనే అవసరమే రాదు కదా. ప్రచారం మొదలైన ఒక్క పనిదినంలో ఇల్లు ఉమ్మడి జాబితాకెక్కాలని అదే సంఘం 2019లో రూలు తెచ్చింది. ఒకే సంస్థ లోలోపల తిప్పుకునే ఇళ్ళని మాత్రం వదిలేసింది.

స్నేహితుడు కొన్నదీ అలాంటిదే. గృహప్రవేశానికి నేనూ వెళ్ళాను.