సాన్ కార్లోస్ నుంచి వెళ్ళిపోయిన విమానం

సాన్ మటేయో వంతెన దాటి పిల్లల్ని సాన్ కార్లోస్‌లోని హిల్లర్ విమాన మ్యూజియానికి తీసుకెళ్ళిన మన డబ్లిన్ వాళ్ళకు ఆ పొడుగాటి ముక్కు గుర్తుండే ఉంటుంది. ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికుల్ని మోయాల్సి ఉండి ఎన్నడూ ఎగరని బోయింగ్ 2707కి అసలు సైజులో కట్టిన నమూనా ముందు భాగం అది. 2013లో సియాటిల్ మ్యూజియం వాళ్ళు కొని పట్టుకుపోయారు. పుట్టిన ఊరు చేరిందని వాళ్ళు సంబరపడొచ్చు. కానీ అన్నేళ్ళు దాన్ని కాపాడింది సియాటిల్ కాదు. ఫ్లోరిడాలోని కిసిమీలో 1973లో జనానికి చూపించడం మొదలుపెట్టారు. ఆ ప్రదర్శనశాల మూతపడ్డాక భవనం చర్చి అయింది. విమానం లోపలే ఉండగా ప్రార్థనలు జరిగాయి. ఆ తర్వాతే మన బే ఏరియాకు చేరింది.

ఇలాంటి విమానాల పొగ ఓజోన్ పొరను దెబ్బతీస్తుందన్న బర్క్‌లీ ప్రొఫెసర్ హెరాల్డ్ జాన్‌స్టన్ వ్యాసమే ఆ విమానాన్ని ఆపిందని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, కొందరు రాశారు కూడా. నేను ఒప్పుకోను. సెనేట్ 51–46 ఓట్లతో ఆ విమానానికి ప్రభుత్వ డబ్బు ఆపేసింది 1971 మార్చి 24న. ‘సైన్స్’ పత్రికలో జాన్‌స్టన్ వ్యాసం వచ్చింది ఆగస్టు 6న.

ధ్వనికి 2.7 రెట్ల వేగం, టైటానియం ఒళ్ళు, 26 విమాన సంస్థలు ముందే పేరు రాయించుకున్న 122 విమానాలు (అందులో రెండు మన ఎయిర్ ఇండియావి). ఇంత ఆశను ముంచింది చప్పుడూ ఖర్చూ. 1964లో ఓక్లహోమా సిటీ మీద ఆరు నెలల్లో 1,253 సార్లు సోనిక్ బూమ్ (ధ్వని వేగం దాటిన విమానం చేసే పేలుడు మోత) వినిపిస్తే, నలుగురిలో ఒకరు భరించలేమన్నారు. నేల మీదుగా ఎగరనివ్వకపోతే అంత పెట్టుబడి తిరిగొచ్చేదెలా? ముందుకూ వెనక్కూ కదిలే రెక్కల బరువు మోయలేక 1968లో డిజైనే మార్చుకున్నారు.

1971 మేలో ఆ విమానాన్ని మళ్ళీ బతికించబోయారు, అప్పటికి జాన్‌స్టన్ వ్యాసం ప్రతి బయటికి పొక్కిందని వాదిస్తారు. నిజమే, పొక్కింది. కానీ మళ్ళీ మొదలుపెట్టాలంటే కనీసం 50 కోట్ల డాలర్లు కావాలని బోయింగ్ అధినేతే అన్నాక ఎవరు ముందుకొస్తారు?

మనకు దక్కాల్సిన పేరు వేరే ఉంది. ఇలాంటి విమానాల ప్రభావం మీద ఆ తర్వాత రవాణా శాఖ చేయించిన పెద్ద అధ్యయనంలో, మనం గుడికి వెళ్ళే లివర్‌మోర్‌లోని ల్యాబ్ పైవాతావరణాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టింది. హిల్లర్‌లో ఆ ముక్కు నిలిచిన చోట ఒక ఫలకం పెడితే, దాని మీద మార్చి 24, ఆగస్టు 6 రెండు తేదీలూ ఆ వరసలోనే ఉండాలి.