ఆయుధం – హోదా – బాధ్యత: జల్‌పల్లి, బార్కస్ పరిసరాల తుపాకి చరిత్ర

హైదరాబాదు నగరానికి దక్షిణాన, బార్కస్‌కూ పహాడీషరీఫ్ గుట్టకూ చేరువలో జల్‌పల్లి ఉంది. ఒకప్పుడు చెరువునూ సాగునూ నమ్ముకొన్న గ్రామం. 2016లో పురపాలక సంఘమై, నేడు నగరంలో కలిసిపోయినంతగా పెరిగింది. ఈ పరిసరాలకు ఆయుధంతో ఉన్న సంబంధం పాతది. పక్కనున్న బార్కస్ పేరే సైనికుల ‘బ్యారక్సు’ నుంచి వచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిల మైసారం దళం ఇక్కడే నివసించింది. దళం రద్దయినా దాని వారసులు ఇక్కడే స్థిరపడ్డారు.

హైదరాబాదు చరిత్రలో తుపాకిని గురించి విస్తారమైన రచన ఉంది. అందులో అధికభాగం యుద్ధాలకూ తిరుగుబాట్లకూ ఒప్పందాలకూ సంబంధించినది. తుపాకిని దగ్గర పెట్టుకొన్న మనిషి దానిని ఎలా ఉంచాలి, అజాగ్రత్తకు ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నకు అందులో తక్కువ చోటే దక్కింది. ఆ ప్రశ్నకు ఈ నేల మీద కాలక్రమంలో వచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తుపాకి మొదట యజమాని పేరిట మోసిన ఆయుధం. తరువాత హోదాకు గుర్తయింది. చివరకు రాజ్యం షరతులతో అప్పగించిన వస్తువయింది. ఈ మూడు దశల్లోనూ ‘ఎవరి చేతిలో ఉండాలి’ అన్న ప్రశ్న ముందు నడిచింది. ‘ఎలా ఉండాలి’ అన్నది చాలా ఆలస్యంగా వచ్చింది.

పదాలు చెప్పే చరిత్ర

తుపాకికి సంబంధించిన తెలుగు పదజాలం ఎక్కువగా వలస వచ్చినదే. ‘తుపాకి’, ‘తోపు’ తుర్కీ మూలాలవి. ‘బందూకు’ అరబీ నుంచి వచ్చింది. ఐరోపావారిని తెలిపే ‘ఫరంగీ’ అన్న జాతివాచకం తెలుగులో ‘ఫిరంగి’గా మారి ఏకంగా ఆయుధానికే పేరయింది. గొట్టం మూతి నుంచి మందు నింపే నాటు తుపాకికి తెలంగాణలో వాడే ‘బర్మారు’ అన్న పేరులో ‘నింపడం’ అనే అర్థమున్న హిందుస్తానీ ధాతువు వినిపిస్తుంది.

ఈ పరభాషా పదాల మధ్య అచ్చ తెలుగుమాట ఒకటి నిలిచింది. అది ‘మందు’. రోగం కుదిర్చే పదార్థానికీ తుపాకిలో దట్టించే పొడికీ తెలుగువారు ఒకే పేరు వాడారు. రెండింటికీ మోతాదు ప్రధానం. బర్మారు తుపాకిలో మందు తగ్గితే గుండు దూరం పోదు, మించితే గొట్టమే పగిలి కాల్చినవాని ముఖాన్ని ఛిద్రం చేస్తుంది. ఆ కాలపు తుపాకి నిర్లక్ష్యాన్ని మొదట తన యజమాని మీదనే తీర్చుకొనేది.

జమేదారు చేతి కింద

హైదరాబాదులో ఆధునిక ఆయుధ నిర్మాణానికి ప్రసిద్ధ చిహ్నం 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా. దానిని ప్రజలు ‘తోప్ కా సాంచా’ అన్నారు. నేటి గన్‌ఫౌండ్రీ అదే. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార ఒప్పందం కుదుర్చుకొన్నాడు. అక్టోబరులో ఆ ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. ఆయుధం పాలకుని చిత్తానుసారం ఇచ్చేది, చిత్తానుసారం తిరిగి తీసుకొనేది అన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దిలో అరబ్బు, రోహిల్లా సిపాయిల విషయంలో ఈ సూత్రం దెబ్బతిన్నది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు జమేదారుల కింద జట్లుగా పనిచేశారు. సిపాయి తన జమేదారుకు విధేయుడు, జమేదారు నిజాముకు విధేయుడు. కొందరు జమేదారులు వడ్డీవ్యాపారులై, ఇచ్చిన అప్పుకు జాగీరు ఆదాయాలను పట్టుకొన్నారు. బాకీదారులను నిర్బంధించిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి చోట తుపాకి వసూలు సాధనమయింది. సిపాయి తప్పుకు ఊరివారు నేరుగా ప్రశ్నించదగిన అధికారి లేడు, అతని జమేదారును అడగాలి. ఆ జమేదారుకే దివాను బాకీ ఉంటే అడిగేవారెవరు?

1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు చేపట్టిన సంస్కరణలకు ఈ నేపథ్యముంది. రెవెన్యూ పాలనను జమేదారుల పట్టు నుంచి తప్పించడం, అరబ్బుల వ్యాజ్యాలను ప్రత్యేక విచారణ కిందికి తేవడం, పోలీసు వ్యవస్థను నిర్మించడం ఒకే ప్రయత్నంలోని భాగాలు. ఆయుధం గురించిన భయం ఆయనకు ఊహాజనితం కాదు. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వంలో రోహిల్లాలు కోఠీ రెసిడెన్సీపై దాడి చేశారు. 1859 మార్చిలో దర్బారు నుంచి రెసిడెంటు డేవిడ్‌సన్‌తో కలిసి వస్తున్నప్పుడు కాల్పులు జరిగాయి. ఆ తూటా వారికి కాక పరిచారకునికి తగిలింది. రాజకీయ చరిత్ర దీనిని విఫలమైన హత్యాయత్నంగా నమోదు చేస్తుంది. గాయపడిన పరిచారకుని వైపు నుంచి చూస్తే అది విఫలం కాదు. గురి ఎవరిపైనైనా, తూటా పోయే దారిలో ఉన్నవారందరూ కాల్చినవాని బాధ్యతలోకే వస్తారన్న సత్యాన్ని ఆ ఘటన చెబుతుంది.

దొర తుపాకి, పిట్టల దొర తుపాకి

ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో తెలంగాణ పల్లెల్లో తుపాకి గడీకి అలంకారం. వేటకూ ఊరేగింపుకూ బెదిరింపుకూ అదే పనికివచ్చేది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వడిసెలలతో, కర్రలతో గడీని ఎదిరించిన ప్రజలకు తుపాకి ఎవరి పక్షాన ఉందో చెప్పవలసిన అవసరం లేకపోయింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటి నుంచి దొరల, పటేళ్ల తుపాకులను స్వాధీనం చేసుకోవడం ఉద్యమ కార్యక్రమంలో భాగమయింది.

హోదా చిహ్నమైన ఈ తుపాకిని జానపదులు మరోవిధంగా కూడా ఎదుర్కొన్నారు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకితో వచ్చే పిట్టల దొర తెలంగాణ జానపద కళారూపాల్లో విశిష్టుడు. అతనికే తుపాకి రాముడన్న పేరూ ఉంది. లేని ఆస్తులనూ చేయని వేటలనూ గంభీరంగా ఏకరువు పెట్టి నవ్వించడం అతని విద్య. ‘దొర’ అనే మాట తెలుగులో ఆంగ్లేయునికీ భూస్వామికీ చెల్లుతుంది గనుక ఆ వేషం ఇద్దరినీ తాకుతుంది. అతని హాస్యం బాణం గడీ మీదనే కాక తుపాకి పట్టగానే పెద్దవాడినయ్యానని అనుకొనే మనస్తత్వం మీద కూడా ఎక్కుపెట్టింది. అతని చేతిలోది కట్టె గనుక జనం నవ్వగలిగారు. అదే గొప్పలకోరుతనం నిజమైన తుపాకి పట్టుకొంటే ఏమవుతుందో ఆ నవ్వు వెనుక ఉన్న ఎరుక. సాహిత్య పరిశోధకులు పిట్టల దొరను హాస్యపాత్రగా విస్తృతంగా చర్చించారు. ఆయుధ సంస్కృతిపై విమర్శగా కూడా ఆ పాత్ర పరిశీలనార్హమైనది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాక జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన ఏర్పడింది. రజాకార్ల నిరాయుధీకరణ దాని తొలి పనుల్లో ఒకటి. అరబ్బుల్లో పలువురు నిర్బంధితులయ్యారు. కొందరిని హద్రమౌత్ ప్రాంతానికి తిప్పి పంపారు. తరాలుగా ఆయుధమే వృత్తిగా బతికిన బార్కస్ కుటుంబాలు వ్యాపారాలకూ ఇతర ఉద్యోగాలకూ మళ్లాయి. ఆయుధం పోయినంత మాత్రాన సమాజం పోదని ఈ పరివర్తన చూపింది. దానిని విస్మరించి ఆ ప్రాంతాన్ని నేటికీ ఆయుధంతోనే గుర్తించడం చరిత్రకు న్యాయం కాదు.

చట్టం అడిగిన ప్రశ్న

బ్రిటిషిండియాలో 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. ఆ చట్టానికి కావలసింది నమ్మకస్తుల జాబితా. ఆయుధం ఉన్నవాడు దానిని ఎలా ఉంచుకొంటాడన్నది దానికి ప్రధానం కాలేదు. ఈ అవమానానికి ప్రతిస్పందనగా 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరహక్కుల్లో చేర్చింది. కానీ 1950లో అమలైన రాజ్యాంగం ఆ హక్కును స్వీకరించలేదు. శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును 19వ అధికరణం ‘ఆయుధాలు లేకుండా’ అన్న షరతుతోనే ఇచ్చింది. 1931కీ 1950కీ నడుమ దేశం విభజన నాటి హింసను, హైదరాబాదు సంస్థానం 1948 నాటి హింసను చూసిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. జాతిభేదం పోయింది. లైసెన్సు అందరికీ షరతులతో కూడిన అనుమతి అయింది. ప్రజాశాంతికి, భద్రతకు అవసరమనిపిస్తే దానిని నిలిపివేయడానికి, రద్దు చేయడానికి 17వ విభాగం అధికారమిచ్చింది. 1983 సవరణ ఒక వ్యక్తికి మూడు తుపాకుల పరిమితి పెట్టింది. 2016 ఆయుధ నియమాలు భద్రతా శిక్షణను లైసెన్సు ప్రక్రియలో చేర్చాయి. 2019 సవరణ పరిమితిని రెండుకు తగ్గించింది. వీటికన్నా ముఖ్యమైన మార్పు 25వ విభాగంలో వచ్చింది. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు కలిగేలా తుపాకిని దుడుకుగా, నిర్లక్ష్యంగా వాడడం, వేడుకల్లో కాల్పులు జరపడం రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించదగిన నేరమయింది.

నిర్లక్ష్యంతో మరణం కలిగించడం 1870 నుంచి, 2024లో రద్దయ్యేవరకు, భారత శిక్షాస్మృతిలో నేరం. అయితే అక్కడ మరణం సంభవించాకనే చట్టం కదిలేది. ప్రాణాపాయకరమైన నిర్లక్ష్యానికి వేరే విభాగమున్నా దాని శిక్ష స్వల్పంగా ఉండేది. ఆయుధ చట్టమే నిర్లక్ష్యాన్ని పేరుపెట్టి నేరమనడానికి, 1878 నుంచి లెక్కిస్తే, 141 ఏళ్లు పట్టింది.

యంత్రం మారినప్పుడు

ఈ ఆలస్యం ఎందుకు ప్రమాదకరమో తుపాకి నిర్మాణాన్ని బట్టి తెలుస్తుంది. బర్మారు తుపాకిని నింపడం అనేక దశల పని. మందు పోయాలి, గుడ్డ లేదా పీచు దట్టించాలి, గుండు జారవిడిచి మళ్లీ దట్టించాలి, చివర రంజకం పెట్టాలి. నిండుగా ఉందో లేదో పైకి కనిపించదు. దట్టించే కడ్డీని గొట్టంలోకి దించి, ఎంత బయట మిగిలిందో చూసి తెలుసుకోవాలి. వెనుక నుంచి తోటా పెట్టే తుపాకిని మడిచి చూస్తే చాలు. స్వయంచాలక పిస్తోలు వచ్చాక పరిస్థితి తిరగబడింది. తోటాల పెట్టెను బయటికి తీశాక కూడా గొట్టం వెనుక గదిలో ఒక తోటా మిగిలి ఉండవచ్చు. ఖాళీ అనుకొన్న ఆయుధం పేలడానికి ప్రసిద్ధమైన కారణం ఇదే. వాడకం ఎంత సులువైతే జాగ్రత్త అంతగా యంత్రం నుంచి మనిషి మీదికి మారింది.

అందుకే ప్రపంచమంతటా శిక్షకులు చెప్పే నియమాలు నాలుగే. ప్రతి తుపాకినీ నిండినదిగానే భావించాలి. కాల్చదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. గురిని, దాని వెనుక ఉన్నదానిని ఎరిగి కాల్చాలి. ఇంట్లో ఆయుధాన్ని తాళం వేసి, తోటాలను వేరుగా దాచి, పిల్లలకు అందకుండా ఉంచడం ఈ నియమాల గృహరూపం.

పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చడం నాలుగో నియమాన్ని పూర్తిగా ఉల్లంఘిస్తుంది. ఆకాశానికి వెనుక ఏమీ లేదన్నది భ్రమ. నిట్టనిలువుగా పోయిన రైఫిలు తూటా సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో తిరిగి రాగలదని అమెరికా సైన్యాధికారి జూలియన్ హాచర్ పరీక్షల ఆధారంగా లెక్కగట్టాడు. అది తలకు ప్రాణాంతకం కావచ్చు. ఏటవాలుగా పోయినది ఇంకా ఎక్కువ వేగాన్ని నిలుపుకొంటుంది. డాబాల మీద జనం పడుకొనే, ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొన్న పాతబస్తీ వంటి చోట ఆ తూటా ఎవరి ఇంటికి అతిథిగా పోతుందో కాల్చినవానికి తెలియదు.

జల్‌పల్లి వర్తమానం

2024 డిసెంబరులో జల్‌పల్లిలోని ఒక సినీప్రముఖుని నివాసం వద్ద కుటుంబ వివాదం తలెత్తినప్పుడు, అప్పటి రాచకొండ పోలీసులు ఆ కుటుంబంలోని లైసెన్సు ఆయుధాలను అప్పగించవలసిందిగా కోరారు. ఆ కోరికలో ఎవరిపైనా నేర నిర్ధారణ లేదు. ఉద్రిక్తత ఉన్న చోట ఆయుధం కొంతకాలం దూరంగా ఉండడం మేలన్నదే దానిలోని ఆలోచన. ఎన్నికల వేళ లైసెన్సుదారులు ఆయుధాలను ఠాణాలో జమచేయడానికీ ఇదే ఆధారం. మనిషి మంచివాడా కాడా అన్న ప్రశ్నను పక్కనపెట్టి, మంచివాడికీ కోపం వచ్చే గడియలుంటాయని ఈ ఏర్పాట్లు అంగీకరిస్తాయి.

1798లో జరిగిన నిరాయుధీకరణతో దీనిని పోల్చితే తేడా స్పష్టం. ఆనాడు ఆయుధం తీసుకోవడం ఓటమికి గుర్తు. ఈనాడు ఆయుధం అప్పగించి తరువాత తిరిగి పొందడంలో పరాజయం లేదు. అయినా ఆయుధాన్ని హోదాగా చూసే పాత అలవాటు పోనందువల్లనే అప్పగింత నేటికీ పరువు సమస్యగా వార్తలకెక్కుతున్నది.

ఉపసంహారం

జమేదారు కాలంలో తుపాకికి జవాబుదారీ పైవాడికి ఉండేది. గడీ కాలంలో ఎవరికీ లేదు. లైసెన్సు కాలంలో అది లైసెన్సు ఇచ్చిన అధికారికి పరిమితమయింది. 2019 సవరణతో పొరుగువానికి కూడా జవాబు చెప్పవలసిన స్థితి చట్టరూపంలో వచ్చింది. 1859లో గాయపడిన పరిచారకుడు చరిత్ర గ్రంథాల్లో పేరులేకుండా మిగిలాడు. తూటా దారిలో ఉన్న అటువంటివారిని లెక్కలోకి తీసుకోవడమే ఆయుధ బాధ్యతకు మొదటి అర్థం. ఆ అర్థం చట్టంలోకి ఎక్కింది. అది ఇళ్లలోకీ పెళ్లి పందిళ్లలోకీ చేరడం ఇక మిగిలిన పని.